బూడిద దిబ్బల మోడల్‌కు మంచి మార్కులే వచ్చాయి, పొలంలో మాత్రం ఏమీ దొరకలేదు. లోపం ఎక్కడుంది?

వంక ఒడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను పురావస్తు శాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు. హైదరాబాదులో జీఐఎస్ (కంప్యూటరు పటాల) ఉద్యోగం చేస్తున్నాను, సొంత ఊరు కళ్యాణదుర్గం వైపు. మా ప్రాంతంలోని పాలవాయి బూడిద దిబ్బ (పాతకాలపు పశువుల పేడ కాలి పోగుపడిన దిబ్బ) గురించి చిన్నప్పటి నుంచి వింటూ ఉన్నందువల్ల, కొత్తరాతి యుగం నాటి అలాంటి చోట్లు ఇంకా ఎక్కడెక్కడ ఉండవచ్చో లెక్కగట్టి చూద్దామని ఒక ఏడాదిగా తీరిక వేళల్లో ప్రయత్నిస్తున్నాను.

చేసిన పని ఇది. అనంతపురం, కర్నూలు, బళ్లారి, రాయచూరు, పాత మహబూబ్‌నగర్ జిల్లాలలో ఇప్పటికే అచ్చులో నమోదైన బూడిద దిబ్బలను, ఇతర కొత్తరాతి యుగపు స్థలాలను ఒక పట్టికగా చేసుకున్నాను. ఎస్ఆర్‌టీఎం ఎత్తుల సమాచారం నుంచి వాలు, ఎత్తు తీసుకున్నాను. వాటికి నేల రకం, వంకల నుంచి దూరం, చెరువుల నుంచి దూరం, గ్రానైట్ గుట్టల నుంచి దూరం చేర్చి, మ్యాక్సెంట్‌లో (తెలిసిన చోట్లను బట్టి అలాంటివి ఇంకా ఎక్కడ ఉండవచ్చో అంచనా వేసే సాఫ్ట్‌వేర్) నడిపాను. రాయలసీమ మొత్తాన్ని, రాయచూరు దోఆబ్‌ను కలిపి అధ్యయన ప్రాంతంగా పెట్టుకున్నాను. ఏయూసీ (మోడల్‌కు వచ్చే మార్కు, 1 అయితే నూటికి నూరు) 0.9 దాటింది. పటంలో ఎక్కువ అవకాశం ఉందని ఎర్రగా వచ్చిన చోట్లన్నీ గుట్టల పాదాల దగ్గర, చెరువుల పైభాగాన ఉండటంతో, చూడగానే నమ్మబుద్ధి వేసింది.

సంక్రాంతి సెలవుల్లో ఒక మిత్రుడితో కలిసి అలాంటి ఐదు చోట్లకు వెళ్లాను. గుండ్లు, ముళ్లకంప, మేకల మంద తప్ప ఏమీ కనిపించలేదు. తిరిగి వస్తుంటే టీ అంగడి దగ్గర ఒక పెద్దాయన మా సంగతి విని, వంక పక్కన రేగడి చేలోకి తీసుకువెళ్లారు. అక్కడ బూడిదరంగు కుండ పెంకులు, నున్నగా అరిగిన నూరుడు రాయి ఒకటి గట్టు మీద ఉన్నాయి. ఆ చోటును నా పటం దాదాపు సున్నా అంటోంది!

నా సందేహాలు రెండు. మోడల్ తప్పా, నేను వెతికిన తీరు తప్పా? అసలు నాలుగైదు వేల ఏళ్ల కిందటి మనుషులు ఎక్కడ ఉన్నారో నేటి భూగోళ సమాచారంతో చెప్పడం సాధ్యమేనా?

---

అక్షాంశం

రెండో సందేహానికి క్లుప్తంగా జవాబు: కొంతవరకు సాధ్యమే. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్ర రవాణా శాఖ 1995 నుంచి తన రాష్ట్రానికంతటికీ అలాంటి మోడల్‌ను తయారు చేయించుకుని, రోడ్డు వేసే ముందు దాన్ని చూసుకుంటోంది. నెదర్లాండ్స్‌లో 1997లో దేశం మొత్తానికీ పురావస్తు అవకాశాల పటం ఒకటి వచ్చింది. కాబట్టి ఆలోచనలో దోషం లేదు. మీ మోడల్‌లో మాత్రం నాకు నాలుగు చోట్ల దోషం కనిపిస్తోంది. వాటిలో ఒకటి చాలా పెద్దది.

ముందు ఏయూసీ సంగతి. మ్యాక్సెంట్‌కు మీరు ఇచ్చేది స్థలాలు దొరికిన బిందువులు మాత్రమే; దొరకని బిందువులు మీ దగ్గర లేవు. అందుకని అది అధ్యయన ప్రాంతం నుంచి యాదృచ్ఛికంగా వేల బిందువులను తీసి, వాటికీ మీ స్థలాలకూ తేడా ఏమిటో చూస్తుంది. మీరు రాయలసీమ మొత్తం పెట్టారు కనుక ఆ బిందువులలో చాలా భాగం నల్లమల అడవిలో, ఎర్రమల కొండల మీద, శేషాచలం లోయల్లో పడి ఉంటాయి. బూడిద దిబ్బ నల్లమల శిఖరం మీద ఉండదని చెప్పడానికి మోడల్ అక్కర్లేదు కదా. ఆ సులభమైన ప్రశ్నలకు సరైన జవాబులు రాసి అది 0.9 తెచ్చుకుంది. అధ్యయన ప్రాంతాన్ని ఎంత పెంచితే ఏయూసీ అంత పెరుగుతుంది, అందులో మోడల్ గొప్పతనం ఏమీ లేదు. కళ్యాణదుర్గం, రాయదుర్గం, బళ్లారి మైదానానికే పరిమితం చేసి మళ్లీ నడిపి చూడండి. ఆ సంఖ్య కిందికి దిగుతుంది, కానీ నమ్మదగినది అవుతుంది.

రెండోది చెరువులు. మన చెరువులలో అత్యధిక భాగం మధ్యయుగాలలో కాకతీయుల, విజయనగర రాజుల, వారి సామంతుల కాలాలలో తవ్వించినవి. క్రీస్తుకు పూర్వం 2000లో పశువులను మేపుకున్న మనిషికి ఆ చెరువు లేదు. అయినా మీ మోడల్‌లో ఆ దూరానికి బరువు వచ్చిందంటే, గుట్టల మధ్య పల్లం ఉన్న చోట చెరువు కట్టడం తేలిక, గుట్టల దగ్గర పాత స్థలాలు నమోదయ్యాయి, అందువల్ల రెండూ పక్కపక్కన కనిపిస్తున్నాయి, అంతే. దాన్ని తీసివేసి, ఎత్తుల పటం నుంచే నీరు చేరే పల్లాలను గుర్తించి వాడుకోవడం మేలు.

మూడోది, నేను పెద్దదని అన్నది: మీ బిందువుల అక్షాంశ రేఖాంశాలు ఎక్కడి నుంచి వచ్చాయి? పాత నివేదికలలో చాలా వాటికి ఊరి పేరు తప్ప మరేమీ ఉండదు. ఉన్నా డిగ్రీలు, నిమిషాల వరకే ఇస్తారు. ఒక నిమిషం అక్షాంశం అంటే నేల మీద సుమారు 1.85 కిలోమీటర్లు. అంటే నిమిషానికి సవరించిన బిందువు అసలు చోటు నుంచి కిలోమీటరు దాకా తప్పి ఉండవచ్చు. అలాంటి బిందువు దగ్గర 30 మీటర్ల గడిలోని వాలును తీసుకుని లెక్కలు వేస్తే ఆ లెక్కకు అర్థం ఏమిటి? ఇక ఊరి పేరు మాత్రమే ఉంటే మనమంతా చేసేది ఒకటే, ఊరి నడిబొడ్డు మీద బిందువు పెట్టడం. అప్పుడు మోడల్ నేర్చుకునేది నేటి ఊళ్లు ఎక్కడ ఉంటాయన్న సంగతి. మీ పటంలో చెరువు పైభాగాలు ఎర్రబడటానికి ఇదీ ఒక కారణం కావచ్చు. పాత టోపోషీట్ల (సర్వే పటాల) నుంచి తీసుకున్న బిందువులైతే మరో చిక్కు ఉంది: అవి ఎవరెస్ట్ గోళాభాసం (భూమి ఆకారానికి అప్పట్లో వాడిన నమూనా) మీద గీసినవి, మార్చకుండా నేటి జీపీఎస్ పటం మీద పెడితే వంద మీటర్లకు మించి కూడా జరుగుతాయి. ఇది మీ వృత్తి కనుక మీకు తెలిసే ఉంటుంది, అయినా రాస్తున్నాను.

నాలుగోది పరీక్ష. మీ బిందువులను యాదృచ్ఛికంగా రెండు భాగాలు చేసి ఒకదానితో నేర్పి ఇంకొకదానితో పరీక్షించి ఉంటారు. ఒకే గుట్ట చుట్టూ ఉన్న ఐదు స్థలాలలో మూడు నేర్చుకునే భాగంలో, రెండు పరీక్షలో పడితే అది పరీక్ష కాదు, ప్రశ్నపత్రం ముందే చూపించడం. ప్రాంతాన్ని పెద్ద గడులుగా కోసి, బళ్లారి వైపు బిందువులతో నేర్పి అనంతపురం వైపు బిందువులతో పరీక్షించండి.

ఏయూసీకి బదులు ఈ రంగంలో పాతకాలం నుంచి వాడే కొలత క్వామ్ అనే పురావస్తు పరిశోధకుడు 1988లో ఇచ్చిన లాభం సూత్రం. ఎర్రగా చూపిన వైశాల్యపు శాతాన్ని అందులో పడిన స్థలాల శాతంతో భాగించి, ఒకటిలో నుంచి తీసివేయాలి. 20 శాతం నేలలో 80 శాతం స్థలాలు పడితే లాభం 0.75. ఎర్ర రంగు 70 శాతం నేలను మింగి 80 శాతం స్థలాలను పట్టుకుంటే లాభం 0.125 మాత్రమే, అంటే ఆ మోడల్ ఉన్నా లేకపోయినా ఒకటే. ఈ లెక్కను పరీక్షకు పెట్టిన బిందువులతోనే చేయాలి.

---

పెంకుముక్క

అక్షాంశం గారు చెప్పిన లెక్కల సంగతి సరిగానే ఉంది. నేను ముప్పై ఏళ్లుగా పొలాల్లో తిరిగినవాణ్ణి, అటు వైపు నుంచి రెండు మాటలు చెబుతాను. అసలు ఆ పట్టికలో మీరు చేర్చినవి ఒకే జాతి వస్తువులా అన్నది నా మొదటి ప్రశ్న.

బూడిద దిబ్బ అంటే ఊరు కాదు. పశువుల పేడ ఏళ్ల తరబడి పోగుపడి, దాన్ని మళ్లీ మళ్లీ కాల్చగా మిగిలినది. బళ్లారి ప్రాంతపు దిబ్బలను పందొమ్మిదో శతాబ్దపు తొలి సగంలో న్యూబోల్డ్ అనే ఆంగ్ల సైనికాధికారి వర్ణించాక, అవి అగ్నిపర్వతపు బూడిదా, ఇనుము కరిగించిన చిట్టెమా, సామూహిక దహనాల ఆనవాళ్లా అని దశాబ్దాల పాటు వాదోపవాదాలు జరిగాయి. హంపీ దగ్గరి నింబాపురం దిబ్బను వాలిని దహనం చేసిన చోటని ఇప్పటికీ చూపిస్తారు. రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఇది పేడ బూడిదేనని, కొత్తరాతి యుగపు పశుపాలకులదేనని వాదించాడు. 1960లో జోయ్‌నర్ అనే శాస్త్రవేత్త సూక్ష్మదర్శినితో పరిశీలించి పేడ సంగతి తేల్చాడు. ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త 1957లో పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, చాలామంది అక్కడే పొరబడతారు) తవ్వినప్పుడు దొడ్డి చుట్టూ నాటిన గుంజల గుంతలు, ఆవుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. అది పశువుల దొడ్డి అన్న మాటకు అంతకంటే సాక్ష్యం ఏముంటుంది?

మరి ఆ మనుషులు ఎక్కడ ఉన్నారు? కొన్ని చోట్ల దిబ్బ పక్కనే. షోరాపూర్ దోఆబ్‌లోని బూదిహాళ్‌లో డెక్కన్ కాలేజీ తరఫున పద్దయ్య గారు 1989 నుంచి జరిపిన తవ్వకాలలో దిబ్బను ఆనుకునే నివాస భాగం, పశువులను కోసిన చోటు, చెకుముకి పలకలు చెక్కిన చోటు దొరికాయి. కొన్ని చోట్ల నివాసం గుట్ట మీద ఉంది. సంగనకల్లు, కప్పగల్లు గుట్టలైతే ఊళ్లతో పాటు గొడ్డళ్ల కర్మాగారం కూడా, ఎందుకంటే అక్కడ గ్రానైట్‌ను చీల్చుకుని డోలరైట్ గోడ ఒకటి పోతోంది, నునుపు గొడ్డలికి ఆ నల్లరాయి కావాలి. ఇలా మేత కోసం ఎంచుకున్న చోటు, రాయి కోసం ఎంచుకున్న చోటు, ఉలవలు, పెసలు, అండుకొర్రలు పండించుకోవడానికి ఎంచుకున్న చోటు వేర్వేరు. పైగా ఈ సంస్కృతి క్రీస్తుకు పూర్వం 3000 ప్రాంతం నుంచి 1200 ప్రాంతం దాకా సాగింది. పద్దెనిమిది వందల ఏళ్లు! మన లెక్కలో శాతవాహనుల నుంచి నేటి దాకా అనుకోండి. అంత కాలపు ఎంపికలన్నీ ఒకే సంచిలో వేసి కలిపి, సగటు మనిషి ఎక్కడ ఉంటాడని అడిగితే, ఎవరూ ఎప్పుడూ ఉండని చోటు జవాబుగా వచ్చినా ఆశ్చర్యం లేదు. దిబ్బలకు వేరుగా, నివాసాలకు వేరుగా మోడల్ కట్టండి. బిందువులు తగ్గుతాయని భయపడవద్దు.

ఇంకొక విషయం నాకు మరీ ముఖ్యమనిపిస్తుంది. మీ పట్టికలోని బిందువులు ఆనాటి మనుషులు ఎక్కడ ఉన్నారో చెప్పవు, ఈనాటి మనుషులు ఎక్కడ నడిచారో చెబుతాయి. ఫూట్ భూగర్భ సర్వే ఉద్యోగి. రాళ్లున్న చోటికి ఆయన కాళ్లు పోవడం వృత్తిధర్మం. కుడితిని దిబ్బ బళ్లారి నుంచి హొసపేటకు పోయే దారి పక్కనే ఉంది కనుక అందరి కంటా పడింది. తరువాత వచ్చినవాళ్లం ఫూట్ జాబితా చేతబట్టుకుని ఆయన చూసిన గుట్టల చుట్టే మళ్లీ తిరిగాం. నేనూ అంతే చేశాను. గుట్ట అయితే దూరం నుంచి కనిపిస్తుంది, ఎక్కితే రాతి చిత్రాలో, నూరుడు గుంతలో ఏదో ఒకటి దొరికి రోజు వృథా కాదు. రేగడి చేలో పొద్దంతా నడిచి ఉత్త చేతులతో రావడానికి ఎవరికీ మనసు ఒప్పదు. అందువల్ల మీ మోడల్ గ్రానైట్ గుట్టలకు వేసిన బరువులో ఎంత ఆనాటి వారిది, ఎంత మా బోటివాళ్లదో విడదీయడం కష్టం.

రేగడిలో ఇంకో మోసం కూడా ఉంది. నల్లరేగడి ఎండకు పగుళ్లు విచ్చుతుంది, వానకు ఉబ్బుతుంది. పైనున్న పెంకులు ఆ పగుళ్లలోకి జారిపోతాయి, లోపలివి కొన్ని పైకి వస్తాయి. మీరు సంక్రాంతికి వెళ్లారంటున్నారు. అప్పుడు రేగడిలో శనగ పైరు ఉంటుంది, నేల కనబడదు. పెద్దాయన చూపించినది గట్టు మీద ఉంది కాబట్టి మీకు కనిపించింది. అదే చేను పైరు కోసి, వేసవి దుక్కి దున్ని, ఒక్క వాన పడ్డాక చూడండి. కడిగిన పెంకు ఎంత దూరానికైనా తళుక్కుమంటుంది. ఇక ఎర్రగా వచ్చిన ఐదు చోట్లా ఏమీ లేవని అంత త్వరగా తేల్చవద్దు. గుట్ట పాదంలో పైనుంచి కొట్టుకువచ్చిన మొరుసు మీటరు మందాన పేరుకుని ఉంటే కింద ఊరున్నా పైకి తెలియదు. పక్కన వంక కోసిన గట్టు ఉంటే అందులోకి దిగి, ఆ కోతను చూశారా?

---

రేగడి పొలం

నాకు మోడళ్ల గురించి తెలియదు. ఆలూరు ప్రాంతంలో వ్యవసాయం. పెద్దల మాటల మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మీ ముగ్గురూ ఉపగ్రహాన్ని అడుగుతున్నారు, ఎడ్లబండి తోలిన మనిషిని మాత్రం అడగడం లేదు.

మా నాయన కాలంలో పాటిమన్ను తోలని రైతు లేడు. పాత ఊరు పాడుపడిన చోటును పాటిదిబ్బ అంటారు, అక్కడి మట్టి బలమైన ఎరువని వేసవిలో బండ్ల కొద్దీ తోలి చేలకు చల్లుకునేవారు. బూడిద దిబ్బలనూ అలాగే తవ్వి తోలుకున్నారు. దీనివల్ల రెండు సంగతులు మీ లెక్కలోకి రావాలి. ఒకటి, దిబ్బ ఉన్న చోట ఇప్పుడు దిబ్బ లేకపోవచ్చు. మిగిలినదాన్ని జేసీబీలు చదును చేశాయి. రెండు, పాటిమన్నుతో పాటు పెంకులు కూడా ప్రయాణం చేశాయి. వంక ఒడ్డు గారు రేగడి చేలో చూసిన పెంకులు అక్కడివేనా, ఎవరి బండిలోనో వచ్చినవా? నూరుడు రాయిని మాత్రం ఎవరూ ఎరువుకు తోలరు కాబట్టి ఆ చోటు మీద నాకూ నమ్మకమే ఉంది.

పటం మీద పేర్లు కూడా చదవండి. బూడిదగుంట, బూడిదగడ్డ, పాటిమీద, పాతూరు వంటి చేల పేర్లు గ్రామ పటాల్లో కాకపోయినా కౌలు మాటల్లో ఇంకా బతికే ఉన్నాయి. రెవెన్యూ రికార్డుల్లో బేచిరాగ్ గ్రామాలని ఉంటాయి, దీపం పెట్టే దిక్కులేని ఊళ్లని ఆ మాటకు అర్థం. అవన్నీ రాతియుగం నాటివి కావు, రెండు మూడు వందల ఏళ్లవే ఎక్కువ. అయినా మంచి చోటు మీద ఊరు పడటం, లేవడం, మళ్లీ పడటం మామూలే.

ఒక్క మనవి. ఎర్ర పటాన్ని ఇక్కడ పెట్టవద్దు. మా వైపు గుప్త నిధుల పిచ్చితో గుడి ముందు నందిని కూడా వదలని మనుషులున్నారు. కంప్యూటరు చూపించిన చోటంటే గడ్డపారలతో వాలిపోతారు.

---

వంక ఒడ్డు

ముగ్గురికీ కృతజ్ఞతలు. రాత్రి కూర్చుని పట్టికను తిరిగి చూశాను. నా బిందువులలో సగానికి పైగా ఊరి పేరుతో పెట్టినవే, అంటే నేను ఏడాది పాటు కట్టింది నేటి ఊళ్ల మోడల్. సిగ్గుగా ఉంది గానీ చెప్పక తప్పదు. చెరువుల దూరాన్ని తీసివేసి, ప్రాంతాన్ని తగ్గించి మళ్లీ నడిపితే ఏయూసీ బాగా పడిపోయింది, ఎర్ర రంగు కూడా చెదిరిపోయింది. పటాన్ని ఎక్కడా పెట్టను.

పెంకుముక్క గారు అడిగిన వంక కోత చూడలేదండీ, ఆ ఆలోచనే రాలేదు. ఇప్పుడు నా ప్రశ్న: ఇక మీదట ఎక్కడ నడవాలో మోడల్‌ను నమ్మి ఎంచుకోవాలా, నమ్మకుండా ఎంచుకోవాలా?

---

అక్షాంశం

రెండూ చేయాలి. నెదర్లాండ్స్ పటం మీద వచ్చిన ముఖ్యమైన విమర్శ ఇదే: తక్కువ అవకాశం అని రంగు వేసిన చోట ఎవరూ వెతకరు, వెతకరు కనుక ఏమీ దొరకదు, దొరకలేదు కనుక రంగు సరైనదే అనుకుంటారు. ఆ గుండ్రాన్ని తెంచాలంటే ఎక్కువ, మధ్య, తక్కువ అనే మూడు రంగుల నుంచీ యాదృచ్ఛికంగా చేలను ఎంచుకుని, మూడింటిలోనూ సమానమైన శ్రద్ధతో నడవాలి. అందుబాటులో ఉంటే అమెరికా 1995లో బయటపెట్టిన కరోనా ఉపగ్రహ చిత్రాలను కూడా తెప్పించుకోండి. 1960ల నాటివి కనుక జేసీబీల కంటే ముందటి నేల కనిపిస్తుంది. రేగడి పొలం గారు చెప్పిన మాయమైన దిబ్బలు కొన్ని అందులో ఉండవచ్చు. అది మోడల్ చెప్పే జోస్యం కాదు, ఉన్నదాన్ని చూడటం. రెండింటినీ కలపకుండా వేరు వేరు పొరలుగా పెట్టుకోండి.

---

పెంకుముక్క

నడిచేటప్పుడు ఇరవై మీటర్ల ఎడంతో వరసలు పట్టండి. ఏమీ దొరకని చేనును కూడా తప్పకుండా రాసుకోండి: తేదీ, పైరు ఉందా లేదా, దుక్కి పడిందా, నేల ఎంత భాగం కనిపిస్తోంది. మా తరం దొరికినవే రాసింది, దొరకనివి రాయలేదు. అక్షాంశం గారు చెప్పినట్టు మ్యాక్సెంట్ యాదృచ్ఛిక బిందువులతో కాలం గడపవలసి రావడం ఆ పాపమే. ఆ నమోదు మీ దగ్గర ఉంటే దొరికిన చోట్లు, దొరకని చోట్లు రెండూ పెట్టి మామూలు లాజిస్టిక్ రిగ్రెషన్ (ఉందా, లేదా అన్న రెండు జవాబుల మధ్య అవకాశాన్ని లెక్కగట్టే పద్ధతి) నడుపుకోవచ్చు.

తవ్వవద్దు, దొరికినదాన్ని జేబులో వేసుకోవద్దు, రైతును అడగకుండా చేలో అడుగు పెట్టవద్దు. ఫోటో తీసి, చోటు రాసుకుని, రాష్ట్ర పురావస్తు శాఖకు తెలియజేయండి. ఆ రేగడి చేనుకు శనగ కోత అయ్యాక మళ్లీ వెళ్తారనుకుంటాను. వెళ్లేముందు ఇక్కడ ఒక మాట చెప్పండి, ఓపిక ఉంటే నేనూ వస్తాను. ఆ టీ అంగడి పెద్దాయనను కూడా పిలవండి.